గేటు మీద అంటించిన కాగితం

(ఈ వారం ఎపిసోడ్‌కి ఇది రాతరూపం. మాట్లాడినది మాట్లాడినట్టే ఉంచాం. తడబాట్లు, చెప్పిందే చెప్పడం మాత్రం తీసేశాం.)

నైట్ డ్యూటీ దిగి బస్సులో వింటున్న నర్సు అక్కలకి, వేర్‌హౌస్ బ్రేక్‌లో ఒక చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకున్న తమ్ముళ్ళకి, పిల్లల్ని బడి దగ్గర దింపి కారులోనే కూర్చుని వింటున్న అమ్మలకి, మీ అందరికీ ఈ ఎపిసోడ్. గల్ఫ్ నుంచి, సింగపూర్ నుంచి వినేవాళ్ళు కూడా ఉన్నారు. ఈ రోజు మాటలు ఐర్లాండ్ గురించే అయినా చివర్లో మన ఊళ్ళ దగ్గరికి కూడా వస్తాను, కాస్త ఓపిక పట్టండి.

ముందు నా సొంత కథ ఒకటి. చెప్పాలంటే సిగ్గుపడే కథే.

మేముండేది డబ్లిన్‌కి పడమర వైపు, లూకన్‌లో. మా వీధి చివర ఒక ఖాళీ స్థలం, దానికి ఇనుప గేటు ఉండేది. మా చిన్నదాన్ని తోపుడుబండిలో కూర్చోబెట్టుకుని రోజూ ఆ గేటు ముందు నుంచే నడిచేదాన్ని. ఒకరోజు గేటుకి ప్లాస్టిక్ కవర్లో పెట్టిన తెల్ల కాగితం కనిపించింది. ఇక్కడ స్తంభాలకి పిల్లి తప్పిపోయిందని కాగితాలు కడుతుంటారు కదా, అదీ అలాంటిదే అనుకున్నాను. నెల రోజులకు పైగా దాని ముందు నుంచే వెళ్ళాను. ఒక్కరోజు కూడా ఆగి చదవలేదు.

ఆ తర్వాత కొన్ని నెలలకి జేసీబీలు వచ్చాయి. అప్పుడు పరిగెత్తాను. ఎన్ని అంతస్తులు? మా పెరట్లోకి ఎండ వస్తుందా? బడికి వెళ్ళే దారి సగంలో ఫుట్‌పాత్ లేదు కదా, ఇన్ని కార్లు పెరిగితే పిల్లలు ఎలా నడుస్తారు? కౌంటర్ దగ్గర కూర్చున్నావిడ చాలా మర్యాదగానే చెప్పింది: "ప్రశ్నలు మంచివే, కానీ అడగాల్సిన ఐదు వారాలు ఎప్పుడో అయిపోయాయి."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. పైగా ఆకులు నెలంతా నా కళ్ళ ముందే గేటుకి వేలాడాయి.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ ఇళ్ళు కట్టడం నాకు ఇష్టం లేదని కాదు. మేము వచ్చిన కొత్తలో ఒక గది కోసం ఎన్ని ఇళ్ళు తిరిగామో, ఎన్ని వ్యూయింగుల దగ్గర లైన్లో నిలబడ్డామో నాకింకా గుర్తుంది. ఇళ్ళు రావాలి. ఇళ్ళతో పాటు ఫుట్‌పాత్ కూడా రావాలి అని మాత్రమే నేను అడగాలనుకున్నది. ఆ ఒక్క మాట చెప్పడానికి దారి ఉంది. నాకు తెలియలేదు, అంతే. ఈ ఎపిసోడ్ ఆ దారి గురించే.

కాగితంలో ఏముంటుంది

ఆ కాగితాన్ని ఇక్కడ సైట్ నోటీసు అంటారు. ఐర్లాండ్‌లో ప్లానింగ్ పర్మిషన్ అవసరమైన నిర్మాణం ఏదైనా సరే, దరఖాస్తు పెట్టేవాళ్ళు ఆ స్థలం దగ్గర, దారిన పోయేవాళ్ళు చదవగలిగేలా నోటీసు అంటించాలి. పేపర్లో కూడా ప్రకటన ఇవ్వాలి. కౌన్సిల్‌కి దరఖాస్తు చేరిన రోజు నుంచి ఐదు వారాల లోపు ఎవరైనా తమ అభిప్రాయం రాసి పంపవచ్చు. దాన్ని సబ్మిషన్ అంటారు. ఫీజు 20 యూరోలు.

"ఎవరైనా" అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. సిటిజన్ అయి ఉండాలని లేదు. స్టాంప్ 1 మీద ఉన్నా, స్టాంప్ 4 మీద ఉన్నా, చదువుకోవడానికి వచ్చిన విద్యార్థి అయినా పంపవచ్చు. సొంతిల్లు ఉండాలని కూడా లేదు, అద్దెకున్నా చాలు.

మామూలుగా ఎనిమిది వారాల్లో నిర్ణయం వస్తుంది. ఆ నిర్ణయం నచ్చకపోతే నాలుగు వారాల్లో జాతీయ స్థాయి బోర్డుకి అప్పీల్ చేసుకోవచ్చు. ఏళ్ళ తరబడి దాని పేరు అన్ బోర్డ్ ప్లానాలా. 2025 జూన్ నుంచి అన్ కొమిషూన్ ప్లానాలా అయింది. బయటివాళ్ళు వేసే మామూలు అప్పీలుకి 220 యూరోలు కట్టాలి. అసలు మెలిక ఇక్కడుంది. ఆ ఐదు వారాల్లో సబ్మిషన్ పంపినవాళ్ళకే సాధారణంగా అప్పీల్ చేసే హక్కు ఉంటుంది. పక్క స్థలం యజమానులకి కొన్ని సందర్భాల్లో ప్రత్యేక అనుమతి దొరుకుతుంది, అంతే. సబ్మిషన్ అందిందని కౌన్సిల్ ఒక రసీదు ఉత్తరం పంపుతుంది. దాన్ని పాస్‌పోర్టు దాచుకున్నట్టు దాచుకోండి. అప్పీలుకి దాని కాపీ జత చేయాలి.

అంటే మొదట్లో నోరు విప్పనివాళ్ళకి చివర్లో మాట్లాడే అవకాశం ఉండదు. నా విషయంలో జరిగింది అదే.

గేటు దగ్గరికి రాకముందే

తర్వాత తెలుసుకున్న ఇంకో సంగతి నన్ను మరింత ఆలోచనలో పడేసింది. గేటు మీద కాగితం వచ్చేసరికే సగం కథ అయిపోయి ఉంటుంది.

ఎందుకంటే ఆ స్థలంలో ఇళ్ళు కట్టవచ్చా, ఫ్యాక్టరీ పెట్టవచ్చా, పార్కుగానే ఉంచాలా అన్నది అంతకు ముందే ఏళ్ళ క్రితం తేలిపోతుంది. అదే జోనింగ్. మన దగ్గర మాస్టర్ ప్లాన్ అంటాం కదా, రెసిడెన్షియల్ జోన్, గ్రీన్ జోన్ అని రంగులు వేసిన మ్యాపు. ఇక్కడ దాన్ని డెవలప్‌మెంట్ ప్లాన్ అంటారు. ఒక్కో జోన్‌కి ఒక పట్టిక ఉంటుంది. ఏవి కట్టవచ్చు, వేటిని పరిశీలించవచ్చు, వేటికి అసలు అనుమతి లేదు అని అందులో రాసి ఉంటుంది.

ఇక్కడ ఒక తేడా గుర్తు పెట్టుకోండి. ఫలానా బిల్డింగుకి అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది కౌన్సిలర్ల చేతుల్లో ఉండదు. అది చీఫ్ ఎగ్జిక్యూటివ్, ఆయన కింది అధికారుల పని. కానీ డెవలప్‌మెంట్ ప్లాన్‌ని ఆమోదించేది మాత్రం మనం ఓటేసి గెలిపించే కౌన్సిలర్లే. "అన్నా, మా పక్కన బిల్డింగు ఆపించండి" అని కౌన్సిలర్ దగ్గరికి వెళ్తే ఆయన చేయగలిగింది చాలా తక్కువ. "ప్లాన్‌లో ఈ మాట చేర్చండి" అని రెండేళ్ళ ముందు వెళ్తే చేయగలిగింది చాలా ఉంటుంది.

ఈ జోనింగ్‌కి ఎంత బలముందో మనందరికీ తెలిసిన చోటు చూస్తేనే అర్థమవుతుంది. శనివారం మనం వెళ్ళే లిఫీ వ్యాలీ షాపింగ్ సెంటర్ తెలుసు కదా. అది ఉన్న చోటు అసలు పేరు క్వారీవేల్. లూకన్, క్లొండాల్కిన్ ప్రాంతానికి టౌన్ సెంటర్ అక్కడ రావాలని మొదట అనుకోలేదు. నీల్స్‌టౌన్ వైపు, కౌన్సిల్ ఇళ్ళలో ఉండే మామూలు కుటుంబాల మధ్య రావాలని ప్లాన్. 1991లో డబ్లిన్ కౌంటీ కౌన్సిల్‌లో ఓటింగ్ జరిగి జోనింగ్ క్వారీవేల్‌కి మారింది. ఆ రోజుల్లో డబ్లిన్ భూముల జోనింగ్ వెనక లంచాలు నడిచాయన్న ఆరోపణల మీద 1997లో ఒక ట్రిబ్యునల్ వేశారు. మొదట్లో ఫ్లడ్ ట్రిబ్యునల్ అనేవారు, తర్వాత మాహన్ ట్రిబ్యునల్ అయింది. పదిహేనేళ్ళు నడిచింది. 2012 మార్చిలో వచ్చిన చివరి నివేదిక క్వారీవేల్ వ్యవహారంలో కౌన్సిలర్లకి డబ్బు ముట్టిన సంగతిని పేజీల కొద్దీ రాసింది. డబ్బు పంచిన లాబీయిస్టు ఫ్రాంక్ డన్‌లప్ 2009లో నేరం ఒప్పుకుని జైలుకి కూడా వెళ్ళాడు.

ఇదంతా వింటుంటే మన ఊళ్ళో సంగతుల్లాగే ఉంది కదా? నాకూ అలాగే అనిపించింది. "ఇక్కడ అన్నీ పద్ధతిగా జరుగుతాయి, మనం పట్టించుకోనక్కర్లేదు" అన్న నమ్మకం నాకు అప్పుడే పోయింది. పద్ధతి ఆకాశం నుంచి ఊడిపడదు. ఎవరో చూస్తూ ఉంటేనే నిలబడుతుంది.

మంచి ఉదాహరణ కూడా మన పక్కనే ఉంది. ఆడమ్స్‌టౌన్. మనవాళ్ళు ఎక్కువగా ఉండే చోటే. 2003లో ఆమోదం పొందిన ఆ ప్లాన్‌లో ఒక షరతు పెట్టారు. ఇళ్ళు విడతలు విడతలుగా కట్టాలి. ఒక్కో విడతకి రోడ్డో, బడో, రైల్వే స్టేషనో, ప్లాన్‌లో రాసిన సౌకర్యాలు పూర్తయితేనే తర్వాతి విడత ఇళ్ళు. అందుకే 2007కల్లా స్టేషన్ తెరిచారు. ఆ తర్వాత మాంద్యం వచ్చి చాలా పనులు ఆగిపోయాయి, అది వేరే సంగతి. కానీ ఈ రోజు ఆడమ్స్‌టౌన్‌లో రైలెక్కి ఊళ్ళోకి పనికి వెళ్ళే ప్రతి ఒక్కరూ ఇరవై ఏళ్ళ క్రితం ఒక కాగితం మీద రాసిన ఆ షరతు వల్లే ఎక్కుతున్నారు.

మా ఇంట్లో గొడవ

ఇప్పుడు అసలు కథకి వద్దాం. ఇది మా డైనింగ్ టేబుల్ దాకా వచ్చిన కథ.

మా ఆయన పని డేటా సెంటర్లో. ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం. క్లొండాల్కిన్ పక్కన గ్రేంజ్ కాజిల్ వైపు వెళ్ళినవాళ్ళకి తెలుసు, కిటికీలు లేని పెద్ద పెద్ద పెట్టెల్లాంటి భవనాలు వరసగా ఉంటాయి. మనలో ఎంతమంది ఇంటి అద్దె ఆ పెట్టెల్లోంచి వస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. లోపల పనిచేసేవాళ్ళే కాదు, కోడ్ రాసేవాళ్ళు, సెక్యూరిటీ, క్లీనింగ్, క్యాటరింగ్, కేబుళ్ళు లాగేవాళ్ళు, అందరూ అందులో భాగమే.

ఇంకోవైపు కరెంటు లెక్క చూడండి. సెంట్రల్ స్టాటిస్టిక్స్ ఆఫీస్ ప్రకారం 2015లో దేశంలో మీటర్ల మీద వాడిన కరెంటులో డేటా సెంటర్ల వాటా 5 శాతం. 2023కి అది 21 శాతం అయింది. అదే ఏడాది పట్టణాల్లోని ఇళ్ళన్నీ కలిపి వాడింది 18 శాతం. అంటే మన హీటర్లు, కుక్కర్లు, వాషింగ్ మెషీన్లు అన్నీ కలిపినా ఆ పెట్టెల కంటే తక్కువే.

2022లో సౌత్ డబ్లిన్ కౌంటీ కౌన్సిల్ 2028 వరకు నడిచే కొత్త డెవలప్‌మెంట్ ప్లాన్ తయారు చేస్తోంది. ఆ చర్చల్లో కౌన్సిలర్లు ఓటేసి, కొత్త డేటా సెంటర్లకి అనుమతి లేదు అని ప్లాన్‌లో రాశారు. ఆ రాత్రి మా ఆయన అన్నం ముందు కూర్చుని, "మీ కౌన్సిలర్లు నా ఉద్యోగం మీద ఓటేశారు" అన్నారు. నేను కరెంటు బిల్లు తీసి ఆయన పళ్ళెం పక్కన పెట్టాను. ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

తర్వాత ఏం జరిగిందంటే, ప్లానింగ్ రెగ్యులేటర్ కార్యాలయం ఆ నిషేధానికి అడ్డు చెప్పింది. అది జాతీయ విధానానికి సరిపోదని మంత్రి ఆదేశం ఇచ్చి దాన్ని తీయించారు. ఆ రెగ్యులేటర్ కార్యాలయం ఎలా పుట్టిందో తెలుసా? ఇందాక చెప్పిన మాహన్ ట్రిబ్యునల్ సిఫారసుల ఫలితంగా 2019లో ఏర్పాటైంది. డబ్బు తీసుకుని చేతులెత్తే కౌన్సిలర్లని అదుపులో పెట్టడానికి పుట్టిన కార్యాలయం, ఎవరి దగ్గరా డబ్బు తీసుకోకుండా తమ ప్రాంతం గురించి ఓటేసిన కౌన్సిలర్ల నిర్ణయాన్ని కూడా కొట్టేసింది. అది సరైనదా కాదా అన్నది నేను తేల్చను. దాని మీద మా ఇంట్లోనే రెండు అభిప్రాయాలు ఉన్నాయి.

కథ అక్కడితో అయిపోలేదు. 2024 ఆగస్టులో గ్రేంజ్ కాజిల్‌లో గూగుల్ అడిగిన కొత్త డేటా సెంటర్‌కి అదే కౌన్సిల్ అనుమతి నిరాకరించింది. ఈసారి కౌన్సిలర్లు కాదు, అధికారులు. కారణాలు రెండు. కరెంటు గ్రిడ్‌లో చాలినంత సామర్థ్యం లేదు. సైట్‌లోనే చెప్పుకోదగ్గ పునరుత్పాదక విద్యుత్తు ఏర్పాటు లేదు. పూర్తి నిషేధం పోయింది గానీ, కరెంటు ఎక్కడి నుంచి తెస్తారో చెప్పండి అన్న ప్రశ్న మాత్రం నిలిచింది.

ఇందులో మా ఇద్దరికీ ఒక జవాబు దొరికింది. పూర్తిగా వద్దు, పూర్తిగా కావాలి, ఈ రెండింటి మధ్య చాలా చోటుంది. కట్టండి, కానీ మీ కరెంటు మీరు తెచ్చుకోండి. వృథాగా పోయే వేడిని పక్కన ఇళ్ళకివ్వండి. ఇది ఊహ కాదు. టాలాలో ఒక డేటా సెంటర్ నుంచి వచ్చే వేడితో కౌన్సిల్ భవనాల్ని వెచ్చబరిచే ఏర్పాటు ఇప్పటికే నడుస్తోంది. ఇలాంటి షరతుల గురించి మాట్లాడటానికి, రెండు వైపులా తెలిసిన మనకంటే తగినవాళ్ళు ఎవరున్నారు? లోపల సర్వర్లు చూసుకునేది మనమే, బయట బిల్లు కట్టేదీ మనమే. మరి ఆ ప్లాన్ మీద అభిప్రాయాలు అడిగినప్పుడు నేనూ రాయలేదు, మా ఆయనా రాయలేదు. డైనింగ్ టేబుల్ దగ్గర అరుచుకున్నాం గానీ, అడిగినవాళ్ళకి మాత్రం చెప్పలేదు.

మనకెందుకులే

ఈ ఎపిసోడ్ చేస్తున్నానని చెప్తే ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు: "అక్కా, పర్మిట్ మీద ఉన్నవాళ్ళం. గవర్నమెంటు మీద కంప్లైంట్ రాస్తే రేపు రెన్యువల్‌లో ఇబ్బంది రాదా?"

ఆ భయం నాకు తెలుసు. నాకూ ఉండేది. 2025 వేసవిలో టాలాలో, ఇంకొన్ని చోట్ల మన దేశం వాళ్ళ మీద జరిగిన దాడుల తర్వాత చాలామందికి అది రెట్టింపైంది. తల వంచుకుని పనికి వెళ్ళి, తల వంచుకుని ఇంటికి రావడమే మేలనిపించింది. నేను ఎవరినీ తప్పుపట్టను.

కానీ తమ్ముడూ, సబ్మిషన్ అంటే కంప్లైంట్ కాదు. చట్టమే అడిగిన అభిప్రాయం. రెన్యువల్ చూసేది ఇమిగ్రేషన్ వాళ్ళు, ప్లానింగ్ చూసేది కౌన్సిల్. సబ్మిషన్ పంపడానికి ఇమిగ్రేషన్ స్టేటస్ ఎవరూ అడగరు. ఒకటి మాత్రం తెలుసుకుని ఉండు. నువ్వు రాసింది నీ పేరుతో పబ్లిక్ ఫైల్లోకి వెళ్తుంది, ఎవరైనా చదవవచ్చు. అందుకని నలుగురు చదివినా ఫర్వాలేదు అనిపించేదే రాయి.

ఇంకో హక్కు ఉంది. మనలో చాలామందికి ఇది తెలియదు. పార్లమెంటు ఎన్నికల్లో ఓటు ఐరిష్, బ్రిటిష్ పౌరులకే. కానీ లోకల్ ఎన్నికల్లో, అంటే ఇందాక చెప్పిన డెవలప్‌మెంట్ ప్లాన్ మీద చేతులెత్తే కౌన్సిలర్ల ఎన్నికల్లో, ఇక్కడ నివసించే 18 ఏళ్ళు నిండిన ఎవరికైనా ఓటుంది. ఏ దేశం పాస్‌పోర్టు అయినా సరే. నిలబడటానికి కూడా పౌరసత్వం అక్కర్లేదు. దేశం మొత్తం మీద 31 కౌన్సిళ్ళు, 949 మంది కౌన్సిలర్లు. పోయినసారి ఎన్నికలు 2024 జూన్‌లో జరిగాయి, మళ్ళీ 2029లో వస్తాయి. ఓటరుగా ఇప్పుడే నమోదు చేసుకోవచ్చు. పీపీఎస్ నంబరు, ఎయిర్‌కోడ్, పుట్టినతేదీ ఉంటే చెక్ ద రిజిస్టర్ అనే సైట్‌లో పది నిమిషాల పని.

మనలాంటివాళ్ళు అక్కడి దాకా వెళ్ళలేరని అనుకోకండి. నైజీరియా నుంచి 2000లో ఆశ్రయం కోరి వచ్చిన రోటిమి అడెబారి నాలుగేళ్ళకి పోర్ట్‌లీష్‌లో కౌన్సిలర్ అయ్యారు, 2007లో ఆ ఊరికి మేయర్ అయ్యారు. కేరళ నుంచి వచ్చిన బేబీ పెరెప్పాడన్ 2024లో మా సౌత్ డబ్లిన్‌కే మేయర్ అయ్యారు. నేను ఏ పార్టీకీ ప్రచారం చేయడం లేదు. తలుపు తెరిచే ఉందని చెప్తున్నాను.

ఎలా రాయాలి

ఇప్పుడు పనికొచ్చే మాటలు. నేను రెండోసారి ఎలా చేశానో చెప్తాను.

రెండేళ్ళ తర్వాత మా వీధికి ఇంకో వైపు మళ్ళీ కాగితం కట్టారు. ఈసారి ఫోటో తీసుకున్నాను. అందులో ఎవరు కడుతున్నారు, ఏం కడుతున్నారు అన్నీ ఉంటాయి. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో వెతికితే డ్రాయింగులతో సహా మొత్తం ఫైలు కనిపించింది, దరఖాస్తు ఎప్పుడు చేరిందో కూడా. ఐదు వారాలు లెక్కపెట్టాల్సింది ఆ తేదీ నుంచే, కాగితం మీద తేదీ నుంచి కాదు.

ఒక పేజీ రాశాను. దరఖాస్తు నంబరు, నా పేరు, అడ్రసు. తర్వాత మూడే పాయింట్లు. ఇళ్ళు రావడం మంచిదే. బడి దారిలో ఇన్ని మీటర్లు ఫుట్‌పాత్ లేదు, జనం ఇళ్ళలోకి రాకముందే అది పూర్తవ్వాలి. మలుపు దగ్గర దాటడానికి క్రాసింగ్ కావాలి. రెండు ఫోటోలు జత చేశాను. ఇంగ్లీషు గొప్పగా ఏమీ లేదు. మా పెద్దాడు స్పెల్లింగులు దిద్దాడు.

ట్రాఫిక్, వెలుతురు, మురుగునీరు, వరద, బడుల్లో చోటు, చెట్లు, శబ్దం, ఇలాంటివి ప్లానింగ్ కిందికి వచ్చే కారణాలు. "అక్కడికి ఎలాంటివాళ్ళు వస్తారో" అన్నది అసలు కారణమే కాదు. ఆ చివరి మాట మనం ఎప్పుడూ రాయకూడదు. ఒకప్పుడు మన గురించే ఎవరో ఆ మాట అని ఉంటారు.

నిర్ణయం వచ్చింది. అనుమతి ఇచ్చారు. షరతుల్లో ఫుట్‌పాత్ ఉంది, క్రాసింగ్ లేదు. సగం గెలిచాను. ఆ సగం మీద మా చిన్నది ఇప్పుడు రోజూ బడికి నడుస్తోంది.

డెవలప్‌మెంట్ ప్లాన్ విషయానికొస్తే, దాని మీద సబ్మిషన్ పంపడానికి ఫీజు కూడా లేదు. మొదట్లో ఒకసారి, చిత్తుప్రతి వచ్చాక ఒకసారి, పెద్ద మార్పులు చేస్తే మరోసారి జనాన్ని అడుగుతారు. పంపినవాళ్ళ పేర్లు, వాళ్ళు లేవనెత్తిన విషయాలు చీఫ్ ఎగ్జిక్యూటివ్ నివేదికలో చేరి కౌన్సిలర్ల ముందుకి వెళ్తాయి. ఇంతవరకు ఈ ప్లాన్లు ఆరేళ్ళకోసారి వేసేవారు. 2024లో వచ్చిన కొత్త చట్టం దాన్ని పదేళ్ళు చేసింది. అంటే ఒకసారి ఊరుకుంటే పదేళ్ళు. ఈ చట్టం విడతలవారీగా అమల్లోకి వస్తోంది కాబట్టి గడువులు, ఫీజులు పంపేముందు మీ కౌన్సిల్ సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి.

కౌన్సిల్ సమావేశాలకి వెళ్ళి వెనక కూర్చుని చూడవచ్చు. అది కూడా అందరికీ ఉన్న హక్కే. చాలా కౌన్సిళ్ళవి ఆన్‌లైన్‌లో కూడా వస్తాయి. మొదటిసారి చూస్తే విసుగ్గానే ఉంటుంది, ముందే చెప్తున్నా. గంటసేపు డ్రైనేజీ గురించి మాట్లాడతారు. కానీ వాళ్ళు మాట్లాడే డ్రైనేజీ మన వీధిదే.

ఊరి సంగతి

చివరగా, మాట ఇచ్చాను కదా, మన ఊళ్ళ దగ్గరికి వస్తాను.

మా నాన్నగారి ఊళ్ళో గ్రామసభ ఎలా జరిగేదో చెప్తే నవ్వుతారు. సభ జరిగేది కాదు. రిజిస్టరు ఇంటింటికీ వచ్చేది. "ఇక్కడొక సంతకం పెట్టండి బాబాయ్, నిన్న సభ జరిగింది" అనేవారు. నాన్న పెట్టేవారు. ఎందుకని అడిగితే, "మనం పెట్టకపోతే ఆగుతుందా?" అనేవారు.

ఆగదని అనుకోవడం వల్ల ఎంత దాకా వెళ్తుందో శ్రీకాకుళం వాళ్ళకి తెలుసు. సోంపేట బీల భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దని జనం పోరాడారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ ప్లాంటుకి ఇచ్చిన పర్యావరణ అనుమతి ఆ తర్వాత నిలవలేదు. కాగితం మీద ముందే వినాల్సిన మాటని వినకపోతే, అది రోడ్డు మీదికి వచ్చి ప్రాణాలు తీసుకుని మరీ వినిపిస్తుంది.

ఇప్పుడు విశాఖకి డేటా సెంటర్లు వస్తున్నాయి. 2025 అక్టోబరులో గూగుల్ ఐదేళ్ళలో 1500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. గ్రేంజ్ కాజిల్‌లో మా పక్కనున్న కంపెనీయే. ఫోన్లో మా బావగారు చాలా సంతోషంగా చెప్పారు, నాకూ సంతోషమే. పిల్లలకి ఉద్యోగాలు ఎవరికి చేదు? కానీ నేను ఆయన్ని రెండు ప్రశ్నలు అడిగాను: కరెంటు ఎక్కడి నుంచి? నీళ్ళు ఎక్కడి నుంచి? ఆయన కాసేపు ఆగి, "అవన్నీ ఎవరిని అడగాలి?" అన్నారు.

మంచి ప్రశ్న. మన దేశంలో 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం పెద్ద పరిశ్రమలకి కలెక్టర్ స్థాయి అధికారి ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. కానీ భవన నిర్మాణాల కింద లెక్కలోకి వచ్చేవాటికి అందులో మినహాయింపు ఉంది. కాబట్టి ఏ ప్రాజెక్టుని ఏ ఖాతాలో వేశారన్నదే మొదట అడగాలి. గ్రామసభలో అడగవచ్చు, సమాచార హక్కు కింద అడగవచ్చు. ఎన్నారైలం మనం డబ్బు పంపుతాం, గుడికి గోపురం కట్టిస్తాం, బడికి బెంచీలు ఇస్తాం. దానితో పాటు ఈసారి ఊరికి ఫోన్ చేసినప్పుడు గ్రామసభ ఎప్పుడని కూడా అడగండి. నాన్నలాగా రిజిస్టరులో సంతకం పెట్టేముందు పైన రాసింది చదవమని చెప్పండి.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అమ్మే పెట్టనిది కౌన్సిల్ పెడుతుందా?

ఈ వారానికి మీకు నేనిచ్చే పని ఒక్కటే. పనికి వెళ్ళే దారిలో గేట్ల వైపు, స్తంభాల వైపు చూడండి. కాగితం కనిపిస్తే ఆగి చదవండి. పిల్లి తప్పిపోయిన కాగితమైతే పిల్లిని వెతకండి. కాకపోతే ఫోటో తీసి, ఆ వీధిలో ఉండే మనవాళ్ళ గ్రూపులో పెట్టండి. ఐదు వారాల్లో ఎన్ని రోజులు మిగిలాయో కూడా దాని కింద రాయండి.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. జాగ్రత్తగా ఉండండి. ఇంటికి ఫోన్ చేయడం మర్చిపోకండి. ఉంటానండీ.